యాప్ అగ్రిమెంటుకి రెండు స్టార్లు, వేపచెట్టు కింద టైపింగ్‌కి నాలుగున్నర

మనలో చాలామందికి అద్దె అగ్రిమెంటు అంటే గ్యాస్ కనెక్షన్‌కీ, ఆధార్‌లో అడ్రస్ మార్చుకోడానికీ, ఆఫీసులో హెచ్ఆర్ఏ (అద్దె అలవెన్సు మీద పన్ను మినహాయింపు) చూపించుకోడానికీ కావాల్సిన కాగితం, అంతే. నేనూ అలాగే అనుకున్నా. పన్నెండేళ్ళుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్న దాన్ని, ఆఫీసులో పది రూపాయల వోచర్‌ని కూడా రెండుసార్లు చూసేదాన్ని, నా సొంత ఇంటి అగ్రిమెంటు మాత్రం ఓనరు అద్దె పెంచుతానన్న రోజు రాత్రి పదకొండింటికి బీరువాలోంచి తీసి మొదటిసారి పూర్తిగా చదివా. అది ఒక యాప్‌లో చేయించింది. ఆ తర్వాత నెలన్నరలో అదే ఇంటికి రెండో అగ్రిమెంటు చేయించాం, ఒక టైపింగ్ కొట్టులో. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక ఈ రివ్యూ రాయాలనిపించింది. ఏ యాప్, ఏ కొట్టు అని మాత్రం అడగొద్దు, పేర్లు రాయను. యాప్ సంగతైతే, తర్వాత ఇంకో నాలుగు తెరిచి చూశా, అన్నీ ఒక తాను ముక్కలే.

ఇల్లు హైదరాబాదు నిజాంపేటలో. డబుల్ బెడ్రూం, మూడో అంతస్తు, ఓనరు వాళ్ళు కింద గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంటారు. అద్దె 22,000, మెయింటెనెన్స్ 2,500 విడిగా, అడ్వాన్సు రెండు నెలలు, అంటే 44,000. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో పాలు పొంగించుకుని దిగాం, అగ్రిమెంటు సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి.

యాప్ వాడటం మాత్రం సుఖంగానే ఉంది, అబద్ధం ఎందుకు. శనివారం రాత్రి సోఫాలో కూర్చుని పేర్లు, ఆధార్ నంబర్లు, అద్దె, అడ్వాన్సు నింపాం, 899 కట్టాం, మూడో రోజు కొరియర్ అబ్బాయి వంద రూపాయల స్టాంప్ పేపరు, దాని వెనక నాలుగు పేజీల ఇంగ్లీషు పట్టుకుని వచ్చేశాడు. ఎన్ని నెలలు అన్న చోట 11, 24, 36 అని మూడు ఆప్షన్లు ఉంటే, పాప స్కూలు మళ్ళీ మార్చే ఓపిక లేక 24 నొక్కాం. అంకుల్ (ఓనరు గారు) కళ్ళజోడు కింద మర్చిపోయానని చదవకుండానే సంతకం పెట్టేశారు. మేం కళ్ళజోడు ఉండి కూడా చదవకుండా పెట్టాం. రెండేళ్ళు నిశ్చింత అనుకున్నాం.

ఏడో నెలలో, మార్చి మొదటి ఆదివారం, నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే అంకుల్ వచ్చి నీళ్ళ ట్యాంకు చూస్తున్నట్టు చూసి, "అమ్మా, ఏప్రిల్ నుంచి 26 చేద్దాం. పక్క అపార్ట్‌మెంటులో 28 ఇస్తున్నారు" అన్నారు. 22 నుంచి 26 అంటే నూటికి పద్దెనిమిది పైన. "రెండేళ్ళకి రాసుకున్నాం కదా అంకుల్" అన్నా. "రాసుకుంది ఉండటానికమ్మా, అద్దెకి కాదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే అగ్రిమెంటులో ఏముందో నాకే తెలీదు.

ఆ రాత్రి చదివితే తెలిసింది. మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలతో "లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్" అని ఉంది. అంటే ఇల్లు వాడుకోడానికి అనుమతి మాత్రం ఇస్తున్నట్టు రాసుకునే కాగితం. అది మహారాష్ట్ర వాళ్ళ పద్ధతి, అక్కడి అద్దె చట్టం వేరు, అక్కడ పదకొండు నెలల కాగితాన్ని కూడా రిజిస్టర్ చేయించాల్సిందే. మాది తెలంగాణలో ఇల్లు. చివరి పేజీలో ఏదైనా వివాదం వస్తే పుణె కోర్టుల పరిధిలో తేల్చుకోవాలి అని రాసుంది, అంటే కొళాయి కారుతోందని గొడవ పడాలన్నా రైలెక్కాలన్నమాట. ఇక అద్దె పెంపు గురించి మొత్తం నాలుగు పేజీల్లో ఒకే ఒక్క వాక్యం: రెన్యూవల్ సమయంలో 10 శాతం లేదా అప్పటి మార్కెట్ రేటు ప్రకారం అద్దె సవరించబడును. ఆ "లేదా" ఉంది చూశారూ, దాంతో ముందు రాసిన 10 శాతానికి అర్థమే లేకుండా పోయింది. మార్కెట్ రేటు ఎవరు చెప్తారు, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మనా? మధ్యలో పెంచొచ్చా లేదా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ కలిపి శాతమా విడిచా, వీటిలో ఒక్క ముక్కా లేదు.

యాప్ హెల్ప్‌డెస్క్‌కి రాశా. మొదట ఒక బాట్ పలకరించి నా అగ్రిమెంటు డెలివరీ అయిందని సంతోషం వ్యక్తం చేసింది. మూడుసార్లు అదే ప్రశ్న టైప్ చేశాక, లీగల్ కన్సల్టేషన్ కావాలంటే 1,499 కట్టమంది. కట్టలేదు. 899 కట్టి చేయించుకున్న కాగితంలో ఏముందో చెప్పడానికి 1,499 ఏంటి?

ఈలోగా మావారికి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది, కొత్త అద్దె చట్టం వచ్చేసింది, అడ్వాన్సు రెండు నెలలకి మించి తీసుకోకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసి ఇవ్వాలి అని. ఆయన అది పట్టుకుని కిందకి వెళ్ళి అంకుల్‌కి చదివి వినిపించారు. అంకుల్ రిటైర్డ్ ఉద్యోగి, ఇలాంటివి ఆయనా చదువుతారు. "ఆ చట్టం ఢిల్లీలో ఉంది నాయనా, ఇల్లు నిజాంపేటలో ఉంది" అన్నారట. మావారు పైకొచ్చి ఆ పూట అన్నం తినలేదు. తర్వాత తెలుసుకుంటే అంకుల్ చెప్పిందే నిజం. అది 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఆ రెండు నిబంధనలూ అందులో నిజంగానే ఉన్నాయి, కానీ అది నమూనా మాత్రమే. ఇళ్ళ అద్దెలు రాష్ట్రాల చేతిలోని విషయం, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే మనకి పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే చట్టం చేసుకుంది. మన దగ్గర ఇంకా 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టమే.

ఇక రెండో సర్వీసు సంగతి. మా ఆఫీసులో ఒకావిడ చెప్తే వెళ్ళాం, కూకట్‌పల్లి వైపు, వేపచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు సగం కొమ్మల వెనకే ఉంటుంది. లోపల రెండు కంప్యూటర్లు, ఒక మూల గుడ్డ కప్పిన పాత టైప్ మిషను, దాని మీద జిరాక్స్ పేపరు కట్టలు. అరవై దాటిన పెద్దాయన, ముప్పై ఏళ్ళ పైగా ఇదే పనట. సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, అఫిడవిట్లు, ఏదైనా రాస్తారు. నేను యాప్ కాగితం ఇస్తే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముందు చివరి పేజీ చూశారు, తర్వాత మొదటి పేజీ.

"ఎవరు రాసిండ్రమ్మా ఇది?"

"యాప్‌లో చేయించామండీ."

"రెండేండ్లకు రాసిండ్రు. రిజిస్ట్రేషన్ అయిందా?"

"స్టాంప్ పేపర్ మీదే ఉంది కదండీ."

"స్టాంపు వేరు, రిజిస్ట్రేషన్ వేరమ్మా. నోటరీ గూడ వేరే. నోటరీ అంటే ఈ సంతకం ఈయనదే అని ఇంకొకాయన చెప్పుడు, గంతే."

"అయితే ఇది చెల్లదా?"

"చెల్లదని గాదు. మీరు ఆ ఇంట్ల ఉంటున్నరు, కిరాయి కడుతున్నరు, అంతవరకు చూపించుకోవచ్చు. రెండేండ్లు ఉండనియ్యాలె, ఇంతే పెంచాలె అని ఇందుల రాసిన షరతులు మాత్రం కోర్టుల నిలబడయ్."

అక్కడ ఒక స్టూలు ఉంటే కూర్చున్నా. ఏడాదికి మించి అద్దెకి ఇచ్చే ఒప్పందం ఏదైనా రిజిస్టర్ చేయించాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం రెండూ చెప్తాయి. అందుకే ఊరూవాడా అందరూ 11 నెలలకి రాసుకుంటారు. నాకు ఈ 11 ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నేళ్ళూ తెలీదు, ఏదో సెంటిమెంటు అనుకునేదాన్ని. రిజిస్టర్ చేయని రెండేళ్ళ కాగితం చేతిలో ఉన్న మేం, చట్టం లెక్కలో నెల నెలా అద్దెకున్నవాళ్ళతో సమానం, 15 రోజుల నోటీసిచ్చి ఖాళీ చేయమనొచ్చు. 24 అన్న బటన్ నొక్కనిచ్చిన యాప్, దాని పక్కన "దీనికి రిజిస్ట్రేషన్ కావాలి" అని ఒక్క లైను పెట్టలేదు. నేను స్టార్లు కోసింది ముఖ్యంగా ఇక్కడే. పుణె కోర్టు సంగతి నవ్వుకుని వదిలేయొచ్చు, ఇది నవ్వే విషయం కాదు.

మరి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా, రెంట్ కంట్రోలర్ (ఆ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తే అద్దె ఆపరా అని అడిగా. పెద్దాయన నవ్వలేదు కానీ నవ్వినంత పని చేశారు. ఆ 1960 చట్టంలో ఉంటుందట, న్యాయమైన అద్దె ఇంత అని కంట్రోలర్ నిర్ణయించొచ్చు, ఓనరు అద్దె తీసుకోనంటే కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు, కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, అన్నీ ఉన్నాయి. కానీ 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలన్నీ దాని బయటికి పోయాయి, ఇతర చోట్ల 2,000 దాటినవి. పైగా కట్టి 15 ఏళ్ళు నిండని బిల్డింగులకీ అది వర్తించదు. నిజాంపేటలో 3,500కి ఇప్పుడు కారు పార్కింగ్ కూడా రాదు. ఎప్పటినుంచో పాత అద్దెల్లోనే నడుస్తున్న పాత మడిగెల వాళ్ళకి ఆ చట్టం ఉపయోగం, మనలాంటి ఫ్లాట్ల వాళ్ళకి కాదు.

అంటే, "మాకు చట్టం చెప్పే రేటు ఏదీ లేదు, మేం సంతకం పెట్టిన కాగితమే మాకు చట్టం" అని నాకు అప్పుడు బుర్రకెక్కింది. ఆ కాగితాన్నే ఎక్కడో పుణె నమూనాలో నింపించుకొచ్చాం.

టైపింగ్ కొట్టులో చెప్పిందే వేదం అనుకోకూడదని మా కొలీగ్ వాళ్ళ అన్నయ్యని, ఆయన అడ్వకేటు, ఫోన్లో అడిగా. పెద్దాయన చెప్పిందంతా సరేనన్నారు, మూడు విషయాలు కలిపారు. ఒకటి, ఓనరు నోటితో పెంచినంత మాత్రాన అద్దె పెరిగిపోదు, మీరు ఒప్పుకుంటేనే పెరుగుతుంది, కాబట్టి గొడవ తేలేదాకా పాత అద్దే, తారీఖు దాటకుండా, బ్యాంకులోనో యూపీఐలోనో వేయండి, ఏ నెల అద్దో అక్కడ రాయండి. ఒక్క నెల 26 వేశారా, ఒప్పుకున్నట్టే అవుతుంది. రెండు, ఆయనకి నచ్చకపోతే నోటీసిచ్చి ఖాళీ చేయమంటారు, చేయకపోతే కోర్టుకి వెళ్ళాలి తప్ప తాళం మార్చడం, కరెంటు తీసేయడం, సామాను మెట్ల మీద పెట్టడం కుదరదు. అలా బయటికి నెట్టేస్తే ఆరు నెలల లోపు కోర్టులో కేసు వేసి మళ్ళీ ఇంట్లోకి రావొచ్చు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్. మూడోది నాకు నచ్చలేదు కానీ రాయాలి. కోర్టు కేసు ఏళ్ళు నడుస్తుంది కదా అని పాత అద్దెకే కూర్చుందాం అనుకుంటే, ఓడిపోయాక నోటీసు గడువు ముగిసిన రోజు నుంచి మార్కెట్ అద్దె లెక్కన నష్టపరిహారం కట్టమనే అవకాశం ఉంది. "చట్టం మీకు టైం ఇస్తుందమ్మా, డిస్కౌంటు ఇవ్వదు" అన్నారాయన.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు, నాకు కొత్త. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 1987 నాటి చట్టం ప్రకారం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. 15100 అని హెల్ప్‌లైను. మాకు అంతదాకా రాలేదు. కానీ 1,499 అడిగిన బాట్‌కి ఈ నంబరు పంపించాలనిపించింది.

మళ్ళీ చెట్టు కిందకి. పెద్దాయన రెండు దారులు చెప్పారు. రెండేళ్ళే కావాలంటే రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అద్దెనీ కాలాన్నీ బట్టి స్టాంపు డ్యూటీ, ఫీజు పడతాయి, ఓనరు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి రావాలి. లేదా 11 నెలలకి రాసుకుని, పెంపు షరతు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసుకోండి. అంకుల్ రిజిస్ట్రేషన్ మాటెత్తగానే "ఆ ఆఫీసుల చుట్టూ నేను తిరగలేనమ్మా" అన్నారు, రెండోదే మిగిలింది.

ఆ షరతు రాయడంలోనే ఈ కొట్టు పనితనం తెలిసింది. పెద్దాయన నన్ను వరసగా ప్రశ్నలడిగారు, యాప్ ఒక్కటీ అడగనివి. పెంపు 11 నెలలకోసారా, ఏడాదికోసారా? (11కి ఒప్పుకుంటే ఏటా ఒక నెల ముందే పెరిగిపోతుంది, నేను అకౌంట్స్ దాన్నై ఉండి ఇది గమనించలేదు.) శాతం దేని మీద, ఉత్త కిరాయి మీదనా మెయింటెనెన్స్ కలిపినా? మొదటి అద్దె మీదా, అంతకుముందు నెల కట్టిన దాని మీదా? ఎన్ని రోజుల ముందు చెప్పాలి, నోటితోనా కాగితం మీదనా, వాట్సాప్ మెసేజీ చాలా? ఒప్పుకోకపోతే ఖాళీ చేయడానికి ఎంత టైము, ఆ టైములో ఏ కిరాయి? ఏమీ రాసుకోకపోతే 15 రోజులే, అందుకని ఇద్దరికీ రెండేసి నెలలని రాయించుకోమన్నారు. పోయేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం మన దగ్గర ఆచారం కదా, అది కూడా పెరిగిన అద్దె లెక్కనా, పాతదా? నాకసలు ఆ ఆలోచనే రాలేదు.

అన్నిటికంటే పెద్ద తేడా, తెలుగులో టైప్ చేయించమన్నారు. ఇంగ్లీషుకి 250, తెలుగుకి 400. ఎందుకు ఎక్కువండీ అంటే "ఒత్తులు గుణింతాలు ఎవరు కొడతరమ్మా" అన్నారు. ఆ 150 ఎక్కువ పెట్టడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని. ఉగాది వెళ్ళిన తర్వాత వారం, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, డ్రాఫ్టు పట్టుకుని కిందకి వెళ్ళాం. ఏప్రిల్ అద్దె 22,000 అప్పటికే వేసేశాం, అంకుల్ ముభావంగా ఉన్నారు. మావారు పైకి చదవడం మొదలుపెట్టారు. ఆంటీ కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి, లోపలికి వెళ్ళకుండా అక్కడే గోడకి ఆనుకుని వింటూ నిలబడ్డారు. ఇంగ్లీషు కాగితమైతే ఆవిడ లోపలికి వెళ్ళిపోయేవారు, ఖాయం.

ఏడాదికోసారి 5 శాతం అన్న దగ్గర అంకుల్ ఆపారు. అక్కడ "లేదా మార్కెట్ రేటు" అని కలపాలన్నారు. మావారు వద్దన్నారు, ఆయన కావాలన్నారు, గొంతులు కాస్త లేచాయి. అప్పుడు ఆంటీ, "మార్కెట్ పడిపోతే మనం తగ్గిస్తామా ఏంటి, తీసేయండి" అన్నారు. అంకుల్ కాఫీ తాగేశారు.

ఓనర్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ సాయంత్రమే అసలు సంగతి బయటపడింది. బోరు మోటారు కాలిపోయి జనవరిలో 18,000 అయిందట, ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు వేరే, ఆస్తి పన్ను వేరే. అద్దె పెంచాలనుకున్నది పక్క అపార్ట్‌మెంటుని చూసి కాదు, ఆ బిల్లు చూసి. మోటారు ఖర్చు గురించి ముందే అడిగి ఉంటే నాలుగు ఫ్లాట్ల వాళ్ళం తలా కాస్త వేసుకునేవాళ్ళం. చివరికి వేసుకున్నాం కూడా, తలా 3,000. మెయింటెనెన్స్‌లోకి రాని పెద్ద రిపేరు వస్తే ఏం చేయాలో ఆ రాత్రే పెన్నుతో డ్రాఫ్టు మీద ఒక లైను కలిపాం.

బేరం ఎక్కడ తెగిందంటే, ఆగస్టు దాకా 22,000, సెప్టెంబరు నుంచి 23,500, ఆ తర్వాత ఏటా సెప్టెంబరులోనే 5 శాతం, అంటే వచ్చే ఏడాది 24,675. పెంచే ముందు 60 రోజులు కాగితం మీద చెప్పాలి. పెయింటింగ్‌కి బిల్లు చూపించి, 10,000కి మించకుండా. నేను లెక్కేసుకున్నా, ఏప్రిల్ నుంచే 26 కట్టి ఉంటే ఆగస్టు దాకానే 20,000 పోయేది. అంకుల్ అడిగిన దానికంటే తక్కువ, నేను కట్టాలనుకున్న దానికంటే ఎక్కువ. 11 నెలల తర్వాత కొత్త కాగితం రాసుకునేటప్పుడు ఈ 5 శాతం మాట కోర్టులో గట్టిగా నిలబడుతుందా అంటే, అంత గ్యారంటీ లేదని పెద్దాయనే చెప్పారు. ఇది మా ఇద్దరి మధ్య నడిచే కాగితం, అంతే. కానీ ఆంటీ విన్నారు కదా, నాకు ఆ ధైర్యం చాలు.

మధ్యలో ఒక చిన్న టెన్షన్. అంకుల్ "కాగితంలో 8,000 అని రాయించండి, మిగతాది చేతికివ్వండి" అన్నారు. ఇది హైదరాబాదులో అద్దెకున్న వాళ్ళందరూ విన్న మాటే. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్ఆర్ఏ కోసం ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి, నెలకి 8,000 అంటే లక్షలోపే ఉంటుంది, పాన్ ఇవ్వక్కర్లేదు, అదీ కిటుకు. నేను కొత్త ట్యాక్స్ పద్ధతిలోకి మారిపోయా, నాకు హెచ్ఆర్ఏ లేదు, మావారు మాత్రం పాతదాంట్లోనే ఉన్నారు. పెద్దాయనకి చెప్తే, "8,000 రాసినంక రేపు 5 శాతం దేని మీద పెంచుతడు? మీ అడ్వాన్సు 44 వేలని ఎట్ల చూపిస్తవు?" అన్నారు. ఆ ప్రశ్న అలాగే తీసుకెళ్ళి అంకుల్‌ని అడిగాం. పాన్ ఇవ్వడానికి రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు, ఇచ్చారు. నెలకి 50,000 దాటిన అద్దెలైతే కట్టేవాళ్ళే పన్ను కింద 2 శాతం (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి జమ చేయాలి, 2024 అక్టోబరు ముందు అది 5 శాతం ఉండేది. మన అద్దెకి ఆ గొడవ లేదు, దేవుడి దయ.

ఇక కొట్టు మీద కంప్లైంట్లు, అర స్టారు ఎందుకు కోశానో చెప్పాలి కదా. వంద రూపాయల స్టాంప్ పేపరుకి పక్కన 150 తీసుకున్నారు, రసీదు అడిగితే వినపడనట్టు ఊరుకున్నారు. ఇది పెద్దాయన తప్పు కాదు, స్టాంపు అమ్మేది వేరే ఆయన, అయినా మన జేబులోంచి పోయేది ఒకటే. రెండోది, టైపింగ్ చేసే కుర్రాడు అంకుల్ వాళ్ళ నాన్నగారి పేరు మా నాన్నగారి పేరు తారుమారు చేశాడు, ప్రింటయ్యాక చూశాం, ఆ పేజీ మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది, రెండు పూటలు లీవు. యాప్‌లో ఆ బాధ లేదు, పీడీఎఫ్ ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, ఆఫీసులో హెచ్ఆర్ వాళ్ళు ఏమీ అడక్కుండా తీసుకున్నారు, అందుకే దానికి రెండు స్టార్లైనా ఇచ్చింది. ఓనరుతో బాగా పడుతుంది, 11 నెలలే కావాలి, అడ్రస్ ప్రూఫ్ కోసమే అంటే యాప్ చాలు. కాకపోతే పెంపు దగ్గర వాళ్ళ వాక్యం తీసేసి మీ మాట టైప్ చేయండి, "అదనపు షరతులు" అని చివర్లో ఒక పెట్టె ఉంటుంది. నేను చూసిన యాప్‌లన్నిటిలోనూ ఉంది. మేం అప్పుడు ఖాళీగా వదిలేశాం.

మొత్తం ఖర్చు స్టాంపు 150, టైపింగ్ 400, నోటరీ 200, జిరాక్సులు 30, కలిపి 780. యాప్ కంటే 119 తక్కువ, ఆటో చార్జీలు కలపకుండా. నోటరీ అవసరమా అంటే అంత లేదు, అంకుల్ తృప్తి కోసం చేయించాం.

వెళ్ళేవాళ్ళు పదకొండు లోపు వెళ్ళండి, తర్వాత రిజిస్ట్రేషన్ల వాళ్ళ హడావుడిలో పెద్దాయన తలెత్తరు, మంచి ముహూర్తం ఉన్న రోజైతే అసలు వెళ్ళకండి. ఇద్దరి ఆధార్, ఇద్దరు సాక్షుల ఆధార్ జిరాక్సులు ఇంటి దగ్గరే తీయించుకుని వెళ్ళండి, అక్కడ పేజీకి 5 రూపాయలు. తండ్రుల పేర్లు ప్రింటుకి ముందే రెండుసార్లు చూసుకోండి. ఓనరు రాలేనంటే డ్రాఫ్టు తెల్ల కాగితం మీద ప్రింటు ఇస్తారు, దానికి డబ్బులు తీసుకోరు, ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించుకోవచ్చు. ఆంటీ ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళండి.